ఏడు అక్షరాలు, ఐదువేల వరసలు

ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి. స్క్రాబుల్ ఆడేవాళ్ళ చేతికి ఈ ఏడు బిళ్ళలు వచ్చాయంటే పండగే. ఏడింటినీ ఒక్క ఎత్తులో బోర్డు మీద పరిస్తే మామూలు పాయింట్లు కాక మరో 50 కలుస్తాయి. వీటితో రిటైన్స్ అని రాయవచ్చు. నాస్టియర్, స్టెయినర్, రెటినాస్ అని కూడా రాయవచ్చు. గ్రీకుల వైన్ రెట్సినా, కొవ్వులో ఉండే స్టియరిన్ కూడా ఇవే ఏడు బిళ్ళల్లో దాక్కుని ఉన్నాయి. ఈ ఆటకు ప్రమాణంగా వాడే పదజాబితాల్లో ఇలాంటి మాటలు కనీసం తొమ్మిది దొరుకుతాయి. కొత్తగా ఆడేవాడికి అందులో ఒక్కటి తట్టినా గొప్పే.

తట్టకపోవడానికి కారణం ఉంది. నాస్టియర్, రిటైన్స్ చెవికి ఎంత దూరమో కాగితం మీద అంత దగ్గర. మనిషి మాటను ధ్వనిగా, అర్థంగా గుర్తుపెట్టుకుంటాడు కానీ అక్షరాల మూటగా కాదు. ఇక లెక్క చూస్తే, ఏడు వేర్వేరు అక్షరాలను 5,040 వరసల్లో పేర్చవచ్చు. ఏడూ వాడాలన్న నియమం లేకుండా ఒకటి నుంచి ఏడు దాకా ఎన్నైనా వాడుకోవచ్చంటే వరసలు 13,699 అవుతాయి. వీటిలో దాదాపు అన్నీ అర్థంలేని గజిబిజే.

కంప్యూటర్‌కు పదమూడు వేలు ఓ లెక్క కాదు. ఒక్కో వరసనూ నిఘంటువులో వెతికి, ఉంటే ఉంచి, లేకపోతే పారేస్తుంది. అందుకే చాలామంది ప్రోగ్రామర్లకు మొదట తట్టేది ఈ దారే. కానీ అక్షరాలు పదిహేనైతే వరసలు లక్షా ముప్ఫైవేల కోట్లు దాటతాయి. యంత్రం ఎంత వేగంగా తిరిగినా, పని పెరిగే వేగం దాన్ని మించిపోతుంది. ఈ చిక్కును విడదీసినవాళ్ళెవరూ యంత్రాన్ని ఇంకా వేగంగా తిప్పి విడదీయలేదు. నిఘంటువును వేరే రకంగా సర్ది విడదీశారు. ఈ అధ్యాయమంతా ఆ సర్దుబాట్ల కథే.

మొదట లెక్కపెట్టినవాడి సంగతి. 1930ల మాంద్యంలో న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పికి ఉద్యోగం పోయింది. తీరిక దొరికిన ఆయన పదాల ఆట ఒకటి తయారుచేయబోయాడు. ఏ అక్షరం ఎన్ని బిళ్ళల మీద ఉండాలో తేల్చడానికి ‘న్యూయార్క్ టైమ్స్’ లాంటి పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కగట్టాడు. ఆ ఆటకు జేమ్స్ బ్రూనో 1948లో స్క్రాబుల్ అన్న పేరు పెట్టి అమ్మకానికి దించాడు. నేటికీ ఇంగ్లిష్ పెట్టెలోని 100 బిళ్ళల్లో ఈ పన్నెండు, ఏ తొమ్మిది, ఐ తొమ్మిది, ఓ ఎనిమిది. క్యూ ఒక్కటే, జెడ్ ఒక్కటే, ఒక్కోదానికి 10 పాయింట్లు. ఎస్ మాత్రం పత్రికల్లో అంత విరివిగా కనిపించినా నాలుగే పెట్టాడు. లేకపోతే ప్రతివాడూ ఎదుటివాడి మాట చివర ఎస్ తగిలించి బహువచనం చేసి పాయింట్లు లాగేస్తాడు. అక్షరాలన్నీ సమానం కావన్న ఈ లెక్క తర్వాత కంప్యూటర్ల వాళ్ళకు బాగా పనికొచ్చింది. అది కాసేపట్లో వస్తుంది.

అసలు ఉపాయాన్ని అందంగా చెప్పినవాడు జాన్ బెంట్లీ. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ 1980లలో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎమ్’ పత్రికలో ఆయన ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ అనే శీర్షిక నడిపాడు. నిఘంటువులో ఒకే అక్షరాలతో ఏర్పడే పదాల గుంపులన్నిటినీ పట్టుకోవాలి అన్నది అందులో ఒక లెక్క. వరసలు మార్చి చూస్తే తెల్లవారుతుంది కానీ పని తెమలదు. బెంట్లీ వివరించిన దారి ఇది: ప్రతి పదానికీ ఒక సంతకం ఇవ్వండి. ఆ పదంలోని అక్షరాలను అకారాదిగా సర్దితే వచ్చేదే సంతకం. పాట్స్ అన్న మాటలో పి, ఓ, టి, ఎస్ ఉన్నాయి; సర్దితే ఓ-పి-ఎస్-టి. స్టాప్‌కు అదే సంతకం. స్పాట్, పోస్ట్, టాప్స్, ఆప్ట్స్‌లకూ అదే. ఇక నిఘంటువు మొత్తాన్ని సంతకాల వరసలో పేరిస్తే చుట్టాలన్నీ పక్కపక్కకు వచ్చి కూర్చుంటాయి. వెతికే పనే లేదు, పేజీ తిప్పితే చాలు.

లెక్కల మేష్టార్లకు నచ్చే చుట్టరికం ఒకటుంది. ట్రయాంగిల్, ఇంటిగ్రల్ రెండూ ఒకే సంతకం కింద వస్తాయి. వాటితోపాటు రిలేటింగ్, ఆల్టరింగ్, అలర్టింగ్ కూడా. త్రిభుజానికీ సమాకలనానికీ ఎనిమిది అక్షరాల బంధుత్వం ఉందని ఏ నిఘంటువూ చెప్పదు; సంతకాల జాబితా చూడగానే చెబుతుంది.

ఈ సంతకాన్ని కంప్యూటర్లకు మూడు శతాబ్దాల ముందే ఒక శాస్త్రజ్ఞుడు తాళంగా వాడుకున్నాడు. స్ప్రింగుకు ఎంత బరువు కడితే అంత సాగుతుందన్న సూత్రం లండన్‌లో రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. అది తనదేనని నమోదు కావాలి, కానీ ఇంకొకరు ఎత్తుకుపోకూడదు. అందుకని 1676లో లాటిన్ వాక్యం ఒకటి రాసుకుని, దానిలోని పద్నాలుగు అక్షరాలను అకారాదిగా పేర్చి అచ్చేయించాడు: సి, ఈ, మూడు ఐలు, ఎన్, ఓ, మూడు ఎస్‌లు, రెండు టిలు, యు, వి. రెండేళ్ళ తర్వాత, 1678లో, తాళం తనే తీశాడు: ‘ఉట్ టెన్సియో, సిక్ విస్’. సాగుదల ఎంతో బలం అంత అని దాని భావం. వాక్యం నుంచి సంతకం తీయడం పిల్లాడి పని. సంతకం నుంచి వాక్యానికి వెళ్ళాలంటే దగ్గర జాబితా ఉండాలి. హుక్ నమ్మకమల్లా ఎవరి దగ్గరా ఆ జాబితా లేదనే. ఇప్పుడు పద నిఘంటువు ప్రతి ఫోన్‌లోనూ ఉంది కాబట్టి ఒంటరి పదాలతో ఇలాంటి తాళం పనిచేయదు.

మళ్ళీ ఏడు బిళ్ళల దగ్గరికి వద్దాం. సంతకాల జాబితా చేతిలో ఉంటే 13,699 వరసలు చూడనక్కర్లేదు. ఏడు అక్షరాల్లోంచి కొన్నిటిని ఎంచుకునే విధాలు 127 మాత్రమే. ఒక్కో ఎంపికకు ఒక్క సంతకం, ఒక్క చూపు. ఒక్కసారి శ్రమపడి జాబితా సర్దుకున్నందుకు దక్కిన లాభం ఇది.

ఇంతవరకూ చెప్పింది అక్షరాలు చేతిలో ఉండి, వాటిని మించకుండా పదం కట్టడం గురించి. దానికి అన్నదమ్ముల్లాంటి ప్రశ్న ఇంకొకటుంది: ఈ అక్షరాలు తప్పనిసరిగా ఉండాలి, మిగతావి ఏవైనా ఉండొచ్చు. ఉదాహరణకు జె, క్యూ రెండూ ఉన్న ఇంగ్లిష్ పదాలేవి? సంతకం ఇక్కడ నేరుగా పనికిరాదు. దీనికి ప్రతి అక్షరానికీ ఒక జాబితా రాసుకోవాలి: జె ఉన్న పదాలన్నీ ఒకచోట, క్యూ ఉన్నవన్నీ ఒకచోట. రెండు జాబితాల్లోనూ కనిపించేవే జవాబులు. మొదట చేతికి తీసుకోవాల్సింది చిన్న జాబితాను. ఈ, క్యూ రెండూ కావాలన్నప్పుడు ఈ ఉన్న పదాలతో మొదలుపెడితే సగం నిఘంటువు తిరగాలి; క్యూతో మొదలుపెడితే పని ఎంతో తగ్గుతుంది. బట్స్ లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. జె, క్యూ రెండూ ఉన్నవాటిలో జాంక్విల్ అనే పసుపుపచ్చ పువ్వు ఒకటి. ధర్మవరం నేతగాళ్ళకు బాగా తెలిసిన జకార్డ్ ఇంకొకటి. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ తెచ్చిన ఆ మగ్గం చిల్లుల అట్టలతో నడిచేది. అవే అట్టలు తర్వాత కంప్యూటర్లలోకి సమాచారం ఎక్కించడానికి దారి చూపాయి. పేరులో అరుదైన అక్షరాలున్న మనిషికి దక్కిన అరుదైన వారసత్వం.

ఒక పదంలో ఇంకో పదం అక్షరాలన్నీ ఉన్నాయో లేదో తేల్చడానికి బడిపిల్లలకూ తెలిసిన గణితంతో పనిచేసే ఉపాయం ఒకటుంది. ఏకు 2, బికి 3, సికి 5, డికి 7, ఈకి 11 అంటూ అక్షరాలకు ప్రధాన సంఖ్యలు ఇవ్వాలి. పదంలోని అక్షరాల సంఖ్యలన్నీ గుణిస్తే పదం విలువ వస్తుంది. బెడ్ అంటే బి, ఈ, డి, విలువ 231. పూస అనే అర్థమున్న బీడ్‌లో బి, ఈ, ఏ, డి ఉన్నాయి, విలువ 462. శేషం లేకుండా భాగహారం జరిగిందంటే చిన్నది పెద్దదానిలో ఉన్నట్టే. పైగా భాగఫలం 2 కదా, మిగిలిన అక్షరం ఏ అని కూడా అదే చెప్పేసింది. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా ఒక్క విధంగానే విడగొట్టగలమన్న సూత్రమే దీనికి ఆధారం. చూడముచ్చటైన పద్ధతే కానీ పొడుగు పదాలు వచ్చేసరికి గుణకారాలు కొండలా పెరుగుతాయి. నిజంగా వేగం కావాలనుకునేవాళ్ళు దీన్ని పక్కనపెడతారు.

వాళ్ళు వాడేది 26 స్విచ్‌ల బోర్డు లాంటిది. పదంలో ఏ ఉంటే మొదటి స్విచ్ వేసి ఉంటుంది, లేకపోతే ఆపి ఉంటుంది. బికి రెండోది, అలా జెడ్ దాకా. కంప్యూటర్ మామూలుగా వాడే 32 బిట్ల సంఖ్యలో ఈ 26 హాయిగా ఇమిడిపోతాయి. రెండు పదాల్లో ఉమ్మడి అక్షరం ఉందా అన్న ప్రశ్నకు ఒకే ఒక్క సూచనతో జవాబు వస్తుంది: రెండు బోర్డుల్లోనూ వేసి ఉన్న స్విచ్ ఒక్కటైనా ఉందా? ఒకే అక్షరం రెండుసార్లు వచ్చిందా అన్నది మాత్రం ఈ బోర్డుకు తెలియదు. కొన్ని ఆటలకు అది తెలియకపోవడమే మేలు. ‘న్యూయార్క్ టైమ్స్’ స్పెల్లింగ్ బీలో ఏడు అక్షరాలిస్తారు. ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు, నడుమనున్న అక్షరం మాత్రం తప్పనిసరి, పదానికి కనీసం నాలుగు అక్షరాలుండాలి. బిట్ల బోర్డుకు సరిగ్గా అతికినట్టు సరిపోయే ఆట. అందులో సాధారణంగా ఎస్‌ను రానివ్వరు. బట్స్ నాలుగుకు తగ్గించిన అక్షరాన్ని వీళ్ళు గుమ్మం దగ్గరే ఆపేశారు.

ఈ బిట్ల సత్తా లోకానికి తెలిసింది 2022లో. అప్పటికి వర్డుల్ అనే పదాల ఆట జ్వరం అందరికీ పట్టింది. బ్రిటన్‌లో ఉండే గణిత ప్రచారకుడు మాట్ పార్కర్, హాస్యనటి బెక్ హిల్‌తో కలిసి నడిపే ‘ఎ ప్రాబ్లమ్ స్క్వేర్డ్’ పాడ్‌కాస్ట్‌కు ఒక ప్రశ్న వచ్చింది. ఒక్క అక్షరమూ మళ్ళీ రాకుండా, ఐదక్షరాల పదాలు ఐదింటితో మొత్తం 25 అక్షరాలను తడమగలమా? పార్కర్ మూడున్నర లక్షల పైచిలుకు పదాలున్న జాబితా తీసుకుని, ఐదక్షరాలవాటిని ఏరి, అక్షరం రెండోసారి వచ్చినవాటిని పారేసి, ఒకే సంతకమున్న చుట్టాల్లో ఒక్కదాన్నే ఉంచాడు. సుమారు ఆరువేల పదాలు మిగిలాయి. చిన్న జాబితాలాగే కనిపిస్తుంది. కానీ ఆరువేలలోంచి ఐదేసి చొప్పున ఎంచుకునే విధాలు ఆరు పక్కన పదహారు సున్నాలు పెట్టినన్ని.

ఆయన పైథాన్‌లో ప్రోగ్రామ్ రాశాడు. ముందు ఉమ్మడి అక్షరం లేని జంటలు పట్టాడు, తర్వాత జంటలకు జంటలు కలిపాడు, ఆ పైన ఐదో పదం కోసం వెతికాడు. ల్యాప్‌టాప్ నెలరోజుల పైన తిరిగింది. జవాబుగా 538 గుంపులు వచ్చాయి. వాటిలో ఒకటి ఫ్యోర్డ్, గక్స్, నింఫ్, వైబెక్స్, వాల్ట్స్; ఇంగ్లిష్ వర్ణమాలలో క్యూ తప్ప అన్నీ వచ్చేశాయి.

పాడ్‌కాస్ట్ విన్న బెంజమిన్ పాసెన్ అనే జర్మన్ పరిశోధకుడు ఇదే పనిని గ్రాఫు సమస్యగా మార్చాడు. ఒక్కో పదం ఒక బిందువు; ఉమ్మడి అక్షరం లేని పదాల మధ్య గీత. ఒకదానితో ఒకటి అన్నీ కలిసి ఉన్న ఐదు బిందువులను వెతకాలి. సుమారు పావుగంటలో పని పూర్తయింది. పార్కర్ ఈ సంగతి యూట్యూబ్‌లో చెప్పాడో లేదో, ప్రోగ్రామర్లు పోటీలు పడ్డారు. నిమిషాలు సెకండ్లయ్యాయి, సెకండ్లు సెకనులో వేయో వంతులయ్యాయి. పార్కర్ తర్వాతి వీడియోకు శీర్షికే తన ప్రోగ్రామ్‌ను ఎవరో 40,83,22,77,770 శాతం మెరుగుపరిచారని!

యంత్రాలు మారినందువల్లో, పైథాన్ వదిలి సి భాషకు వెళ్ళినందువల్లో ఇంత తేడా వచ్చిందనుకోకూడదు. అవి కొంత సాయపడ్డాయి, అంతే. పెద్ద సాయం బిట్ల బోర్డుది, ఇంకా పెద్ద సాయం అరుదైన అక్షరాలది. 26లో 25 వాడాలంటే వదలగలిగేది ఒక్కటే. కాబట్టి ప్రతి జవాబులోనూ క్యూ ఉన్న పదమో ఎక్స్ ఉన్న పదమో ఉండి తీరాలి. రెండూ వదిలేసే వీలు లేదు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఉన్న ఐదక్షరాల పదాలు చాలా కొద్ది. అక్కడి నుంచి మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ ఇంకా వాడని అక్షరాల్లో అన్నిటికన్నా అరుదైనదాన్ని ముందు తీసుకుంటూ పోతే, ఆ పదహారు సున్నాల అడవిలో అడుగు పెట్టకుండానే బయటపడవచ్చు.

అక్షరాలుంటే చాలదు, వాటి వరస కూడా కావాలనే ప్రశ్నలు మరో కోవకు చెందినవి. ఏ, ఈ, ఐ, ఓ, యు ఐదూ అదే క్రమంలో ఉన్న పదమేది? ఫెసీషియస్ ఉంది, అబ్‌స్టీమియస్ ఉంది. వీటికి యూనిక్స్‌లో గ్రెప్ అనే చిన్న పనిముట్టు చాలు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1970ల మొదట్లో రాసిన ఆ ప్రోగ్రామ్‌కు ‘ఏ, తర్వాత ఏదైనా, తర్వాత ఈ...’ అన్న నమూనా ఇస్తే క్షణంలో జాబితా ఇస్తుంది. అదే పనిముట్టు 1975లో ఇంటింటా ఉండి ఉంటే అమెరికాలో కొంత తలనొప్పి తప్పేది. ఆ ఏడాది జి, ఆర్, వైలతో ముగిసే మూడు ఇంగ్లిష్ పదాలు చెప్పమనే పొడుపుకథ పాకింది. యాంగ్రీ, హంగ్రీ అందరికీ తెలుసు. మూడోది తెలియక జనం గ్రంథాలయాలకూ నిఘంటువుల వాళ్ళకూ ఉత్తరాలు రాస్తూ పోయారు. వాడుకలో మూడో పదం లేదు. పెద్ద నిఘంటువుల మూలల్లో మాత్రం పగ్రీ లాంటివి ఉన్నాయి. అది మన ఉత్తరాది తలపాగా పేరే.

స్క్రాబుల్ ఆడే యంత్రాలు పదాలను చెట్టు కొమ్మల్లా దాచుకుంటాయి. ఒకే మొదలున్న పదాలు ఒకే కొమ్మ నుంచి చీలతాయి. ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ 1960లో దీనికి ట్రై అని పేరు పెట్టాడు. 1988లో ఆండ్రూ అపెల్, గై జాకబ్సన్ పదాల తోకలను కూడా ఇలాగే కలిపేసి నిఘంటువును మరింత కుదించి, ఆ ఆధారంతో స్క్రాబుల్ ఎత్తులన్నీ చకచకా వెతికే ప్రోగ్రామ్ తయారుచేశారు.

మనుషుల్లోనూ ఇలాంటి యంత్రం ఒకడున్నాడు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో ఐదుసార్లు ప్రపంచ విజేత. 2015లో ఫ్రెంచ్ నిఘంటువును సుమారు తొమ్మిది వారాల్లో బట్టీ పట్టి, బెల్జియంలో జరిగిన ఫ్రెంచ్ ప్రపంచ పోటీలో గెలిచాడు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడటం రాదు. 2024లో స్పెయిన్‌లో స్పానిష్ పోటీలోనూ గెలిచాడు. ఆ భాషా రాదు. భాష తెలిసినవాళ్ళకు అర్థం అడ్డుపడే చోట ఆయనకు అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి కాబోలు. పోటీ స్థాయి ఆటగాళ్ళు చాలామంది సంతకాలనే కంఠస్థం చేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆల్ఫాగ్రామ్.

ఇదంతా తెలుగులో చేయాలంటే? మొదటి మెట్టులోనే చిక్కు వస్తుంది. కలప, పలక ఒకే అక్షరాలతో ఏర్పడ్డాయని ఎవరైనా ఒప్పుకుంటారు. రాజు, జారు సంగతేమిటి? మన కంటికి రా, జు వేరు. జా, రు వేరు. కంప్యూటర్ మాత్రం ర, దీర్ఘం, జ, కొమ్ము అని నాలుగు సంకేతాలుగా దాచుకుంటుంది. సర్ది సంతకం తీస్తే రెండు మాటలూ ఒకటే అంటుంది. వికటకవిని తిరగేయమంటే ఇంకా వింత: గుడి ముందుకొచ్చి ఒంటరిగా వేలాడుతుంది, నడుమ కకు గుడి తగులుకుంటుంది. తెనాలి రామకృష్ణుడి బిరుదు ఏ వైపు నుంచి చదివినా ఒకటేనన్న సంగతి యంత్రానికి అందదు. తెలుగు పత్రికల గళ్ళ నుడికట్టు కూర్చేవాళ్ళు ఈ విషయం ఏనాడో తేల్చేశారు: గడికో అక్షరం, గుణింతమైనా వత్తైనా ఆ గడిలోనే.

కంప్యూటర్ ప్రమాణాలు ఆ తీర్పుకు రావడానికి సమయం పట్టింది. స్త్రీ అన్న ఒక్క అక్షరంలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. పాత నియమాల ప్రకారం విడగొడితే అది మూడు ముక్కలయ్యేది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒక్కటిగా ఉంచే నియమాన్ని చేర్చింది. తెలుగు పదాల ఆట రాయాలనుకునే కుర్రాళ్ళు ముందుగా తమ ప్రోగ్రామ్‌కు స్త్రీ ఇచ్చి పొడవెంతో అడగండి. ఆరు అంటే అది సంకేతాలను లెక్కపెడుతోంది, మూడు అంటే వాడుతున్న లైబ్రరీ పాతది. ఒకటి అన్నప్పుడు సంతకాల జాబితా కట్టడం మొదలుపెట్టండి.